పార్లమెంటు ఎన్నికల్లో ఒక పార్టీ వైపు నిలబడి రాయడం ఎలా?

మీకొక పార్టీ ఉంది. అది గెలవాలని ఉంది, దానికోసం నాలుగు ముక్కలు రాయాలనీ ఉంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తటస్థుణ్నని చెప్పుకుంటూ ప్రతి పేరాలోనూ ఒకేవైపు మొగ్గేవాడికన్నా కండువా కప్పుకుని వచ్చి కూర్చున్నవాడే నయం. చిక్కేమిటంటే, కండువా కప్పుకున్నాక రాసేదంతా సొంత పార్టీ వాట్సాప్ గ్రూపులకు మాత్రమే పనికొచ్చేలా తయారవుతుంది. ఆ గ్రూపులో ఉన్నవాళ్లు ఎలాగూ మీ గుర్తుకే నొక్కుతారు. వాళ్లకోసం మీరు రాత్రి పన్నెండింటిదాకా మేలుకోనక్కర్లేదు.

మీరు రాయాల్సింది ఇంకా ఎటూ తేల్చుకోని ఓటరుకి. ఆయనకు మీ పార్టీ మీదా అనుమానమే, అవతలి పార్టీ మీదా అనుమానమే. మీ రాతలో ఒక్క అబద్ధం దొరికిందంటే మిగతా పది నిజాల్నీ దాంతోపాటే పక్కన పడేస్తాడు. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు, లోక్‌సభ ఎన్నికల ప్రకటన వచ్చినరోజు నుంచి ఓట్ల లెక్కింపు అయిపోయేదాకా ఎలా రాయాలో వరసగా చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా 2024వి. అవి అందరికీ గుర్తున్నాయి, పైగా మే 13న ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకీ అసెంబ్లీకీ ఒకేరోజు పోలింగ్ జరగడంతో రాతల్లో కలగాపులగం కూడా బాగానే జరిగింది.

1. ముందు మీరెవరో చెప్పేయండి

మొదటి ముక్కలోనే మీ పక్షం తెలిసిపోవాలి. "నా ఓటు ఫలానా పార్టీకి, ఎందుకంటే..." అన్న ఒక్క వాక్యం చాలు. మీ మాటను ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ తగ్గించుకుని చూడాలో చదివేవాడే లెక్క వేసుకుంటాడు. దాచిపెట్టారనుకోండి, నామినేషన్ ర్యాలీలో మీరు జెండా పట్టుకున్న ఫొటో ఎవరో ఒకరు బయటికి తీస్తారు. అప్పటిదాకా రాసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

పార్టీ సోషల్ మీడియా విభాగం నుంచి జీతం తీసుకుంటుంటే ఆ సంగతి మరీ ముందు చెప్పాలి. ఆంధ్రలో అవతలి పక్షంవాడు కనబడితే చాలు 'పేటీఎం బ్యాచ్' అనేయడం అలవాటైపోయింది. డబ్బు ముట్టనివాడు ఆ మాటకు నవ్వి ఊరుకుంటాడు. ముట్టినవాడికే కోపమొస్తుంది. అభ్యర్థి దగ్గర డబ్బు పుచ్చుకుని మామూలు వ్యాసంలా రాస్తే అది ఎన్నికల సంఘం లెక్కలో 'పెయిడ్ న్యూస్'. జిల్లాల్లో ఉండే మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ దాన్ని పట్టుకుంటే ఆ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడుతుంది. 2024లో మన రెండు రాష్ట్రాల్లోనూ లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. (ఆ పరిమితి లోపలే నిజంగా ఎంతమంది ఎన్నిక ముగించారన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు.)

సొంత డబ్బుతో పోస్టును బూస్ట్ చేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. తొందరపడకండి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ప్రకటనల మీద ఖర్చు పెట్టడాన్ని పాత ఐపీసీ నేరంగానే చూసింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితా అలాగే చూస్తుంది. మీ అభిప్రాయం రాసుకోవడం వేరు, డబ్బు కట్టి దాన్ని ప్రకటనగా తిప్పడం వేరు.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి ఊరి ఎన్నికలకు ఊపు తెద్దామనుకునేవాళ్లు పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉంటే ఫారం 6ఎతో ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఓటు మాత్రం ఊరికి వచ్చి స్వయంగా వేయాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయ్ మీ వార్తా ఛానల్‌కు డబ్బు పంపిస్తానంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అడ్డొచ్చే అవకాశం ఉంది. ఒక లాయరును అడిగాకే ఒప్పుకోండి.

2. ఇది ఢిల్లీ ఎన్నిక అని గుర్తుపెట్టుకోండి

2024 వేసవిలో ఆంధ్రలో వచ్చిన రాతల్లో చాలామటుకు జగన్ మళ్లీ రావాలా వద్దా అన్నదాని చుట్టూనే తిరిగాయి. 25 మంది ఎంపీలను కూడా పంపిస్తున్నామన్న ధ్యాస తక్కువ. తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికలై ఐదు నెలలే కావడంతో 17 స్థానాల ప్రచారం కాంగ్రెస్ ఇచ్చిన ఆరు గ్యారంటీల చుట్టూ, ఆగస్టు 15 లోగా రుణమాఫీ అంటూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గుడి గుడికీ వేసిన ఒట్ల చుట్టూ నడిచింది. కేంద్రం తెలంగాణకు ఇచ్చింది 'గాడిద గుడ్డు' అన్న కాంగ్రెస్ ప్రచారం మొరటుదే కావచ్చు. కానీ చూపు పెట్టాల్సిన చోటే పెట్టింది. దానికి బీజేపీ వాళ్లు జాతీయ రహదారుల లెక్కలు తీసి చూపించారు. వాదన అలా నడిస్తే ఓటరుకు కొంత ఉపయోగం.

కాబట్టి కూర్చునేముందు ఒక ప్రశ్న వేసుకోండి: నేను రాయబోయే సంగతి పార్లమెంటు చేతిలో ఉందా? విశాఖ ఉక్కులో వంద శాతం వాటా అమ్మాలని 2021 జనవరిలో నిర్ణయం తీసుకున్నది కేంద్ర మంత్రివర్గ సంఘం. పోలవరం నిధులు, రైల్వే జోన్, విభజన చట్టంలోని హామీలు, ములుగు గిరిజన యూనివర్సిటీ, బయ్యారం ఉక్కు, ఇవన్నీ ఎంపీని నిలదీయాల్సిన సంగతులు. రేషన్ కార్డు రాలేదనో, వీధి కాలవ పొంగిందనో ఎంపీని తిడితే చదివేవాడికి మీ అవగాహన మీదే జాలేస్తుంది.

సిట్టింగ్ ఎంపీ పనితీరు మీద రాస్తారా? హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు లోక్‌సభ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. అక్కడ రెండు గోతులున్నాయి, చాలామంది పడతారు. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, సభలో ప్రశ్నలూ అడగరు. మంత్రిగా ఉన్న ఎంపీకి 'సున్నా ప్రశ్నలు' అని పోస్టరు వేస్తే అవతలివాళ్లు పది నిమిషాల్లో మీ పరువు తీస్తారు. రెండోది ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీ సూచించిన స్థానిక పనులకు కేంద్రమిచ్చే నిధి. ఏడాదికి 5 కోట్లని అందరికీ తెలుసు గనక ఐదేళ్లకు 25 కోట్లని గుణించేస్తారు. కొవిడ్ కారణంగా 2020 ఏప్రిల్ నుంచి 2021 నవంబరు దాకా ఆ నిధుల్ని కేంద్రమే ఆపేసింది, తిరిగి మొదలుపెట్టిన ఏడాది మిగిలిన నెలలకు 2 కోట్లే ఇచ్చింది. 2019లో గెలిచిన ఏ ఎంపీ గురించి రాసినా ఈ కోత తీసేశాకే లెక్క చెప్పాలి.

3. అఫిడవిట్ మొత్తం చదవండి

నామినేషన్‌తోపాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26లో ప్రమాణ పత్రం ఇస్తాడు. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లో స్కాన్ కాపీ దొరుకుతుంది. స్కాన్ వంకరగా ఉంటుంది, అంకెలు చేతిరాతలో ఉంటే కళ్లు పోతాయి. అయినా తప్పదు. వార్తల్లో వచ్చే 'ఆస్తి ఇన్ని కోట్లు' అన్న ముక్కను మళ్లీ రాస్తే మీరు చేసిన పనేముంది?

ఆస్తుల పట్టికలో అభ్యర్థివి, భార్యవి లేదా భర్తవి, ఆధారపడినవాళ్లవి వేర్వేరు గడుల్లో ఉంటాయి. అన్నీ కలిపి ఒక్కడి నెత్తిన పెట్టకండి. అప్పులకు వేరే పట్టిక, గత ఐదేళ్ల ఆదాయానికి వేరే పట్టిక. ఐదేళ్ల కిందటి అఫిడవిట్ పక్కన పెట్టుకుని చూసేటప్పుడు పెరిగింది కొత్త ఆస్తా, పాత భూమి మార్కెట్ విలువా అన్నది తేల్చుకోవాలి. 2024లో గుంటూరు నుంచి పోటీ చేసిన తెలుగుదేశం అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ కుటుంబ ఆస్తి సుమారు 5,700 కోట్లని అఫిడవిట్‌లో చూపించారు. దేశంలోకెల్లా ధనిక అభ్యర్థి అని పేరొచ్చింది. చేవెళ్లలో బీజేపీ అభ్యర్థి కొండా విశ్వేశ్వర్ రెడ్డిది 4,500 కోట్ల పైమాటే. డబ్బుండటం నేరారోపణ కాదు. డబ్బున్నవాడికే టికెట్ ఎందుకొస్తోందన్నది మంచి ప్రశ్న, కానీ అది మీ పార్టీకీ తగులుతుంది.

కేసుల పట్టికలో పెండింగ్ కేసులు ఒకచోట, శిక్ష పడినవి ఇంకోచోట ఉంటాయి. "నేరస్థుడు" అన్న మాట రెండోచోట ఏదైనా ఉన్నప్పుడే వాడాలి. మొదటిచోట ఉన్నదాన్ని ఏ సెక్షనో, ఏ పోలీస్ స్టేషనో, ఏ దశలో ఉందో ఉన్నదున్నట్టు రాయండి. ధర్నాలో రోడ్డు మీద బైఠాయించినందుకు పెట్టిన కేసునూ హత్యాయత్నం కేసునూ ఒకే కుప్పలో పోసి "మొత్తం ఇన్ని కేసులు" అనడం మన దగ్గర అన్ని పార్టీల రచయితలూ చేసే పనే. కుప్పను విడగొట్టి చూపించండి, మీ మాటకు బరువు పెరుగుతుంది.

4. ఒక్క అంశం తీసుకుని అడుగుదాకా దిగండి

రోజుకో వ్యాసం, రోజుకో అంశం అనుకుంటే అన్నీ పైపైనే ఉంటాయి. ప్రచారం మొత్తానికి రెండు మూడు అంశాలు చాలు. 2024లో ఆంధ్రలో ఎక్కువగా ఊరి జనం నోళ్లలో నలిగిన అంశాల్లో ఒకటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం. అప్పుడు రెండు వైపులా వచ్చిన రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎలా రాయాలో, ఎలా రాయకూడదో రెండూ తెలుస్తాయి.

తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి వైపు ఎక్కువగా వినబడిన మాట: "జగన్ మీ భూమి లాక్కుంటాడు." వైసీపీ వైపు వినబడింది: "అది కేంద్రం చట్టం, మాకేం సంబంధం." రెండూ జనంలోకి దూసుకెళ్లాయి. రెండూ చట్టం చదివినవాళ్ల ముందు నిలబడలేదు.

చట్టం ఏమిటో చూడండి. భూమి మీద హక్కును ప్రభుత్వమే తేల్చి, రిజిస్టరులో ఎక్కించి, అదే తిరుగులేని హక్కని హామీ ఇచ్చే పద్ధతి అది. నమూనా నీతి ఆయోగ్ తయారుచేసింది. భూమి రాష్ట్రాల జాబితాలోది గనక చట్టం చేయాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. ఆంధ్రప్రదేశ్ చేసింది, 2023 అక్టోబరు ఆఖర్లో అమల్లోకి వచ్చినట్టు ప్రకటించింది. అందులో అసలు ముల్లు వేరేచోట ఉంది. హక్కును తేల్చేది టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి, దాని మీద అప్పీలు వినేది మరో అధికారి, ఆ తర్వాత హైకోర్టు. తరతరాలుగా రైతు ఎక్కుతున్న సివిల్ కోర్టు మెట్లు ఈ దారిలో లేవు. లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కింది దీనిమీదే.

ఇప్పుడు మీరు కూటమి మనిషి అనుకోండి. "భూమి లాక్కుంటాడు" అనడానికి బదులు ఇలా రాయొచ్చు:

"మీ గట్టు మీద పక్కవాడితో తగాదా వచ్చిందనుకోండి. ఇన్నాళ్లూ మున్సిఫ్ కోర్టుకు వెళ్లేవారు. ఈ చట్టం ప్రకారం ముందు ఒక అధికారి దగ్గరికి వెళ్లాలి, ఆయన కాదంటే ఇంకో అధికారి దగ్గరికి, ఆ తర్వాత ఏకంగా హైకోర్టుకు. ఆ అధికారుల్ని వేసేది ప్రభుత్వం. అర ఎకరం రైతు అమరావతిలో హైకోర్టు లాయరుకు ఎంత కట్టగలడు?"

ఇందులో అబద్ధం లేదు. పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో ఎందుకని ఇంకో వాక్యం కలిపితే అదీ నిజమే, జనానికి అదీ మండింది.

మీరు వైసీపీ మనిషైతే చేయాల్సిన పని కాస్త కష్టం, కానీ దారి లేకపోలేదు. "కేంద్రం చట్టం" అన్న సాకు వదిలేయండి. "నమూనా నీతి ఆయోగ్‌ది. ఢిల్లీలో ఆ నమూనా పంచిన ప్రభుత్వంతో పొత్తు పెట్టుకున్నవాళ్లే ఇక్కడ దాన్ని తిడుతున్నారు. దొంగ రిజిస్ట్రేషన్లతో, డబుల్ రిజిస్ట్రేషన్లతో నష్టపోయిన రైతుకు మీ దగ్గరున్న మందేమిటో చెప్పండి" అంటే అవతలివాళ్లు జవాబు వెతుక్కోవాలి. ఓడిపోయే వాదన కావచ్చు, సిగ్గుపడాల్సిన వాదన మాత్రం కాదు.

కథ ఎలా ముగిసిందో తెలిసిందే. 2024 జూన్ 13న చంద్రబాబు ముఖ్యమంత్రిగా పెట్టిన తొలి సంతకాల్లో రెండోది ఈ చట్టం రద్దు ఫైలు మీద.

ఏ అంశమైనా పద్ధతి ఇదే. చట్టమో, జీవోనో, బడ్జెట్ పద్దో దొరికినదాన్ని స్వయంగా చదవండి. అందులో మీ ఊరివాడి రోజువారీ బతుకును తాకే ఒక్క నిబంధన పట్టుకోండి. దాన్ని మీ ఊరి భాషలో చెప్పండి. అవతలివాళ్ల అత్యుత్తమ వాదన ఏమిటో కూడా ఒక వాక్యంలో చెప్పి, అది ఎందుకు చాలదో చెప్పండి. వాళ్ల వాదనల్లో బలహీనమైనదాన్ని ఏరుకుని కొట్టడం సులువు, కానీ ఆ దెబ్బకు ఓటు కదలదు.

5. వీడియో క్లిప్ వచ్చిందా? ముందూ వెనకా చూడండి

పోలింగ్ ఇంకా పదిహేను రోజులుందనగా మీ ఫోనులోకి అద్భుతమైన క్లిప్ ఒకటి వస్తుంది. అవతలి నాయకుడు తన గొయ్యి తానే తవ్వుకుంటుంటాడు. మీ చేతులు దురద పెడతాయి. సరిగ్గా అప్పుడే ఆగాలి.

2024 ఏప్రిల్ ఆఖర్లో అమిత్ షా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు తీసేస్తామన్నట్టు ఒక క్లిప్ తిరిగింది. అసలు ప్రసంగం ఏడాది కిందట తెలంగాణలో చేసింది. అందులో ఆయనన్నది ముస్లిం రిజర్వేషన్లు రాజ్యాంగ విరుద్ధమని, వాటిని తీసేస్తామని. క్లిప్‌ను కోసి అతికించారు. ఢిల్లీ పోలీసులు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి కూడా నోటీసు పంపారు, తెలంగాణ కాంగ్రెస్ సోషల్ మీడియా విభాగం వాళ్లు అరెస్టయ్యారు. తమాషా ఏమిటంటే, ఆ ప్రసంగంలో ఉన్న అసలు మాట మీదే కాంగ్రెస్ రచయిత ఎంతైనా వాదించొచ్చు. నకిలీ క్లిప్ ఆ అవకాశాన్నే మింగేసింది.

అవతలి వైపు చూడండి. అదే నెల 21న రాజస్థాన్‌లోని బాన్స్‌వాడాలో మోదీ, దేశ వనరుల మీద మొదటి హక్కు ముస్లింలదని మన్మోహన్ సింగ్ అన్నారని చెప్పారు. ఆ మాటలు 2006 డిసెంబరు 9న జాతీయ అభివృద్ధి మండలి సమావేశంలోవి. ఆ పేరాలో మన్మోహన్ ఎస్సీలు, ఎస్టీలు, ఓబీసీలు, మైనారిటీలు, మహిళలు, పిల్లలు అని వరసగా చెప్పుకొచ్చి, మైనారిటీలు, ముఖ్యంగా ముస్లింలు అభివృద్ధి ఫలాల్లో సమానంగా వాటా పొందాలని అన్న వెంటనే 'వనరుల మీద మొదటి హక్కు వాళ్లకుండాలి' అన్నారు. ఆ 'వాళ్లు' ముస్లింలా, పైన చెప్పినవాళ్లందరా? అందరూ అని అప్పటి ప్రధాని మన్మోహన్ కార్యాలయం మర్నాడే వివరణ ఇచ్చింది. బీజేపీ వైపు రాసేవాడు ఆ వాక్యాన్ని వాడుకోవచ్చు, కానీ మొత్తం పేరా ఇచ్చి, వివరణ కూడా ఇచ్చి, "అయినా నాకు ఇలాగే అర్థమవుతోంది" అనాలి. అప్పుడు చదివేవాడు మీతో ఒప్పుకోకపోయినా మిమ్మల్ని మోసగాడనడు.

క్లిప్ వచ్చినప్పుడు చేయాల్సింది ఇది. ఏ ఊరి సభ, ఏ తేదీ అన్నది కనుక్కోండి. ఆ పార్టీ అధికారిక ఛానల్‌లో పూర్తి ప్రసంగం ఉంటుంది, క్లిప్‌కు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు వినండి. హిందీ ప్రసంగమైతే కింద వేసిన తెలుగు అక్షరాలను నమ్మొద్దు, హిందీ వచ్చినవాళ్లతో ఒకసారి వినిపించుకోండి. పెదాలకూ గొంతుకూ పొంతన కుదరకపోతే అసలు ముట్టుకోవద్దు. పూర్తి ప్రసంగం దొరక్కపోతే ఆ క్లిప్ మీకు లేనట్టే. నకిలీ వీడియోలు తమ దృష్టికొచ్చిన మూడు గంటల్లో తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. మూడు గంటలంటే వాట్సాప్‌లో మూడు జిల్లాలు తిరిగొచ్చే సమయం.

6. గురివింద గింజ పరీక్ష

రాసింది పోస్ట్ చేసేముందు పార్టీల పేర్లు తారుమారు చేసి చదవండి. అదే పని మీ పార్టీ చేసి ఉంటే మీరు ఇలాగే తిడతారా? ఇచ్చినవాడి పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్లనే తీసుకోండి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది, మార్చిలో స్టేట్ బ్యాంకు ఇచ్చిన జాబితాను ఎన్నికల సంఘం బయటపెట్టింది. సరిగ్గా ఎన్నికల కోడ్ వచ్చే వారం. అందరూ జాబితా మీద పడ్డారు, అవతలి పార్టీకి ఎవరిచ్చారో వెతికారు. అన్నిటికన్నా ఎక్కువ అందుకున్నది బీజేపీ. మరి బీఆర్ఎస్, వైసీపీ, తెలుగుదేశం, కాంగ్రెస్ అన్నీ ఆ జాబితాలో వందల కోట్లతో ఉన్నాయి. బాండ్లే తీసుకోలేదని చెప్పుకోగలిగింది కమ్యూనిస్టుల్లాంటి కొందరే. కాబట్టి అలాంటి పార్టీ మనిషి తప్ప మన రెండు రాష్ట్రాల్లో ఇంకెవరూ ఈ అంశం మీద తల ఎగరేసి రాయలేడు. మిగతావాళ్లు రాయాలంటే "మా పార్టీ కూడా తీసుకుంది" అని మొదటి పేరాలోనే చెప్పి, ఎవరు ఇచ్చారు, ఇచ్చాక ఏ కాంట్రాక్టు వచ్చింది అన్న తేడా చూపించాలి.

మీ నాయకుడు సభలో నోరు జారితే సమర్థించకండి. ఆ ఒక్కరోజు ఊరుకోండి, లేదా "అది తప్పు" అని ఒక వాక్యం రాసి మీ అంశంలోకి వెళ్లిపోండి. పార్టీ నుంచి ఫోనొస్తుంది, "ఏంటన్నా, మనోడివై ఉండి..." అంటారు. రానివ్వండి.

7. అంకెలతో జాగ్రత్త

ఓట్ల శాతమూ సీట్లూ ఒకదాని వెంట ఒకటి నడవవు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు, 23 అసెంబ్లీ సీట్లు. 2024లో వైసీపీకీ 39 శాతం పైచిలుకే, సీట్లు 11. అవతలి ఓటు రెండు మూడు ముక్కలుగా ఉందా, పొత్తుతో ఒక్కటైందా అన్నదే తేడా. దేశం మొత్తంమీద బీజేపీ ఓటు 2019 నుంచి 2024కి ఒక శాతం కూడా తగ్గలేదు, సీట్లు మాత్రం 303 నుంచి 240కి దిగాయి. బీఆర్ఎస్‌కు లోక్‌సభలో 16 శాతానికి పైగా ఓట్లొచ్చినా ఒక్క సీటూ రాలేదు. అందుకే "మా ఓటు బ్యాంకు చెక్కుచెదరలేదు, కాబట్టి గెలుపు ఖాయం" అని ఎవరు రాసినా, మీరే రాసినా, రెండో సగం మొదటి సగంలోంచి పుట్టదు.

సర్వేల సంగతి ఇంకా నాటు. సర్వే వస్తే ఎవరు చేయించారు, ఎంతమందిని అడిగారు, ఏ తేదీల్లో అడిగారు అన్న మూడూ ఉన్నాయో లేదో చూడండి. ఏ ఒక్కటి లేకపోయినా అది మీకు పనికిరాదు. గోదావరి జిల్లాల్లో కోట్లలో పందేలు నడిచే రోజుల్లో తలాతోకా లేని సర్వే ఒకటి తిరుగుతోందంటే, ఓటరు కోసమా, పందెం రేటు కోసమా అని అనుమానించడం తెలివిగలవాడి పని. పద్ధతిగా చేసినవాళ్లకే గురి తప్పుతుంది. 2024 జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్‌లో చాలా సంస్థలు ఎన్డీఏకు 350 సీట్ల పైనే ఇచ్చాయి, కొన్ని 400 దాకా వెళ్లాయి. వచ్చింది 293.

పోలింగ్ రోజు సాయంత్రం చెప్పే ఓటింగ్ శాతం కూడా తాత్కాలికమే. క్యూలో ఉన్నవాళ్లు వేయడం పూర్తయి, దూరపు బూత్‌ల లెక్కలొచ్చేసరికి అంకె పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి కుట్ర అని అరిచేముందు, మీ పార్టీ ఏజెంటు దగ్గరుండే ఫారం 17సి కాపీ చూడండి. ఏ బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో అందులో ఉంటుంది. తేడా ఉందంటే అది చేతిలో పట్టుకుని రాయండి.

8. చట్టం గీసిన గీతలు

ఎన్నికల కోడ్ పార్టీలకు, అభ్యర్థులకు, ప్రభుత్వాలకు. మామూలు రచయితకు ప్రజాప్రాతినిధ్య చట్టం ఉంది, అది కోడ్‌కన్నా గట్టిది.

కులం గురించి రాయకుండా ఆంధ్ర రాజకీయం రాయలేమని అందరికీ తెలుసు. కాపు ఓటు ఎటు వెళ్తుందన్నది విశ్లేషణ, రాసుకోవచ్చు. "మన కులంవాడికే వేయండి" అనడం వేరు. అభ్యర్థి గానీ, అతని సమ్మతితో మీరు గానీ అలా అడిగితే 123(3) కింద అవినీతి చర్య అవుతుంది, గెలిచిన ఎన్నిక కూడా పోవచ్చు. ఓటరు కులం, మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 తేడాతో చెప్పింది. కులాల మధ్యో మతాల మధ్యో వైరం రెచ్చగొడితే 125వ సెక్షన్ ఉంది. దానికి అభ్యర్థి సమ్మతితో పనిలేదు, ఎవరికైనా వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు. అభ్యర్థి వ్యక్తిగత జీవితం మీద అబద్ధమని తెలిసీ రాయడం మరో ఉచ్చు. భార్యాబిడ్డల జోలికి అసలు వెళ్లకండి, ఓటరు కూడా మెచ్చడు.

కరపత్రం అచ్చేస్తే ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు దానిమీద ఉండి తీరాలి. ఊళ్లో రాత్రికి రాత్రి గోడల మీద పడే పేరులేని కరపత్రం చట్టవిరుద్ధం. అందులో ఎంత గొప్ప విషయమున్నా దాన్ని ఫొటో తీసి పెట్టకండి.

డబ్బు పంచుతున్నారని మీ కంటపడితే రాయడానికి ముందు ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టండి. వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని లెక్క. తీసుకున్నారా లేదా అన్నదే మీ వ్యాసం అవుతుంది.

9. ఆఖరి 48 గంటలు, ఆ తర్వాత

పోలింగ్ ముగిసే గంటకు 48 గంటల ముందు ప్రచారానికి తెర పడుతుంది. ఆ సమయంలో టీవీ, సినిమా, అలాంటి సాధనాల్లో ఎన్నికల ప్రచారం 126వ సెక్షన్ ప్రకారం నిషేధం. అచ్చు పత్రికలు దాని కిందికి రావు. సొంత అభిప్రాయం రాసుకునేవాడి సంగతి ఎక్కడ పడుతుందన్న వాదనలు చాలా ఉన్నాయి. నా సలహా ఒక్కటే: ఆ రెండు రోజులు ఓటు ఎవరికి వేయాలో రాయకండి. పోలింగ్ బూత్ ఎక్కడ, ఏ గుర్తింపు కార్డు చాలు, ఎన్నింటిదాకా క్యూలో నిలబడొచ్చు, ఇవి రాయండి. అవతలి పార్టీవాడికీ పనికొస్తాయి.

ఎగ్జిట్ పోల్ మాత్రం ఎవరికీ మినహాయింపు లేని నిషేధం. మొదటి దశ పోలింగ్ మొదలైన దగ్గర్నుంచి ఆఖరి దశ ముగిసిన అరగంట దాకా, ఏ రూపంలోనైనా తప్పే. 2024లో మన పోలింగ్ మే 13నే అయిపోయినా జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా నోరు కట్టుకోవాల్సి వచ్చింది. "మా బూత్‌లో అడిగితే పదిమందిలో ఏడుగురు మనకే" అన్న పోస్టు కూడా అలాంటిదే.

ఫలితాలొచ్చాక కొన్ని రోజులకు ఫారం 20 బయటికొస్తుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లో అందులో ఉంటుంది. మీ మండలం వరకు తీసి, మీరు రాసిన అంశం ఎక్కువ తగలాల్సిన ఊళ్లలో ఓటు నిజంగా కదిలిందా చూడండి. లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకేసారి జరిగితే రెండు ఫారాలూ పక్కన పెట్టుకోండి. ఒకదానికి ఒక పార్టీకి, రెండోదానికి ఇంకో పార్టీకి వేసే క్రాస్ ఓటింగ్ ఎక్కడ జరిగిందో అక్కడ కనిపిస్తుంది, టీవీ చర్చల్లో కనిపించదు.

మీ పార్టీ గెలిస్తే తర్వాతి పని బడ్జెట్. 2024 జూలై 23న కేంద్ర బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు అనగానే కూటమి రాతలన్నీ పండగ చేసుకున్నాయి. ప్రసంగంలో ఉన్న మాట మాత్రం 'బహుళపక్ష అభివృద్ధి సంస్థల ద్వారా' సమకూరుస్తామని. అంటే ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటివి. అది గ్రాంటా, అప్పా, అప్పయితే తీర్చేదెవరని ఆరోజే అడిగిన కూటమి రచయిత ఉంటే, వచ్చే ఎన్నికల్లో వైసీపీ ఓటరు కూడా అతను రాసింది తెరిచి చూస్తాడు.